కింది ఇంటి పెద్దమ్మ, పై ఇంటి పిట్టలు

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను చంద్లాపూర్ దగ్గర రిజర్వాయర్ కట్ట మీద నిలబడి ఒక నీటికాకిని చూస్తున్నాను. అది అప్పుడే నీళ్లలోంచి లేచి రాయి మీద కూర్చుని, తడిసిన రెక్కలు రెండూ చాపి ఆరబెట్టుకుంటోంది. ఫోన్ చేసింది పెద్దమ్మ చెల్లెలు. "అక్క పోయింది బిడ్డా. పొద్దున ఛాయ్ తాగింది, కుర్సీల కూసున్నది, గంతే. మల్ల లేవలే," అంది. "వస్తున్న చిన్నమ్మా," అన్నాను. ఫోన్ సంచిలో వేసుకుని, ఆ నీటికాకి రెక్కలు ఆరేదాకా, ముడుచుకుని ఎగిరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత స్కూటీ తాళంచెవి చేతిలో పెట్టుకునే దాని కోసం సంచి అంతా వెతికాను. సిద్దిపేటకు తిరిగి వచ్చిన దారిలో ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు.

ఈ పేజీలో నేను రాసే పిట్టల కబుర్లు చదివేవాళ్లకు పెద్దమ్మ ఒకటి రెండుసార్లు కనిపించే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆమె నాకు రక్తసంబంధం కాదు. నేను కిరాయికి ఉంటున్న ఇంటి యజమానురాలు. కింద ఆమె, పైన డాబా మీది గదుల్లో నేను. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు లేరు. భర్త చేనేత పనివాడు, నేను ఆ ఇంటికి రాకముందే పోయాడట. ముందు గదిలో ఆయన మగ్గం ఉండేది. మగ్గం తీసేశారు కానీ, కూర్చుని కాళ్లు కిందికి పెట్టుకునే గుంత మాత్రం నేలలో అలాగే ఉంది. గచ్చు చేయించి పూడ్చేయవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "సగం జిందగి గండ్లనే కాళ్లు పెట్టుకొని కూసున్నడు బిడ్డా. మట్టి పోస్తె ఆయన కాళ్ల మీద పోసినట్టుంటది," అంది. తర్వాత ఆ గుంతలో పాత చీర మడతపెట్టి వేసింది, పిల్లి పడుకోవడానికి.

పిల్లి పేరు డాక్టరమ్మ. ఒక వానాకాలం తడుచుకుంటూ వచ్చి ఇల్లంతా తిరిగి, ప్రతి గిన్నెలోకీ తొంగి చూసి, మంచం కిందా బీరువా వెనకా వాసన చూసి, ఏమీ ముట్టుకోకుండా గడప మీద కూర్చుందట. "అచ్చం మా దవాఖాన పెద్ద డాక్టరమ్మ తీర్గనే. రౌండ్లకొస్తది, అన్నీ జూస్తది, ఏం జెయ్యది, పోతది," అని పేరు పెట్టింది. పేరుకు తగ్గ పిల్లి. నేను లాప్‌టాప్ తెరిస్తే అక్షరాలు ఎటు పోతున్నాయో చూడటానికి వచ్చి ఎదురుగా కూర్చునేది. బల్లి గోడ గడియారం వెనక దూరితే, అది ఎప్పుడు బయటికి వస్తుందో తేల్చుకునేదాకా కదిలేది కాదు. నా దుర్భిణి మూత పోయిందంటే ముందు మగ్గం గుంతలో వెతికేవాళ్లం.

పిట్టలు నావి, పిల్లి ఆమెది. మా పరిచయం తగాదాతోనే మొదలైంది. పిట్టగోడ మీద నేను నీళ్ల మూకుడు పెట్టి, నూకలు చల్లి, పిచ్చుకలు వస్తాయని కిటికీ వెనక కూర్చున్నాను. పిచ్చుకల కంటే ముందు డాక్టరమ్మ వచ్చి మూకుడులో ముఖం చూసుకుంది. నేను కిందికి వెళ్లి ఫిర్యాదు చేశాను. పెద్దమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నా డాబా, నా గోడ, నా పిల్లి. పిట్టలు నీయి అని ఎవరన్నరు? అవి నిన్ను అడిగి వస్తున్నయా?" అంది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున చూస్తే పిల్లి మెడలో చిన్న గజ్జె కట్టి ఉంది. అది కదిలితే చాలు, పిచ్చుకలు ముందే ఎగిరిపోయేవి.

మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మణికట్టు పట్టుకోవడం ఆమెకు అలవాటు. నాది, పాలామెది, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడిది కూడా. నాడి చూస్తోందని అందరూ భయపడేవారు. "నాడి జూసుడు సాకు బిడ్డా. చెయ్యి పట్టుకుంటె మనిషి అబద్ధం చెప్పలేడు," అని ఒకసారి నవ్వింది. నేను బాగానే ఉన్నానని చెప్పిన చాలా రోజుల్లో నేను బాగా లేనని ఆమెకు అలాగే తెలిసిపోయేది. తెలిసినా తరచి అడిగేది కాదు. సాయంత్రం సర్వపిండి చేసి పైకి పంపేది.

ఒక ఎండాకాలం నా కిటికీ పక్క సన్నజాజి తీగలో పిగిలిపిట్టలు గూడు కట్టాయి. తల మీద నల్ల జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ, నోరు ఊరికే ఉండదు. డాక్టరమ్మకు ఆ గూడు తప్ప లోకంలో వేరే పని లేకుండా పోయింది. తీగ కింద కూర్చుని పైకి చూస్తూ ఉండేది. ఆ పిట్టల అరుపులకు కాకులు కూడా వచ్చి చేరాయి. ఒక కాకి ముందు నిలబడి పిల్లిని మాటల్లో పెడితే, ఇంకో కాకి వెనక నుంచి వచ్చి తోక లాగేది. అది వెనక్కి తిరిగేసరికి ముందుది లాగేది. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఇగో డాక్టరమ్మా, నీకు గూడ ఎవలో ఒకలు ఉండాలె," అంటూ.

కానీ గూట్లో పిల్లలు లేచాక ఆమె నవ్వలేదు. పిల్లిని ఇంట్లో పెట్టి తలుపు మూసేసింది. బయట ఎండ మండిపోతోంది, లోపల ఒక పాత కూలరు గుర్రుమంటోంది. డాక్టరమ్మ తలుపు గీకుతూ అరుస్తోంది. పెద్దమ్మ కూడా లోపలే ఉండిపోయింది. కూరగాయలకు నన్ను పంపింది, పక్కింట్లో పెళ్లికి వెళ్లలేదు, సాయంత్రం అరుగు మీద కూర్చోవడం మానేసింది. పిల్లిని కట్టేసి మీరు బయట తిరగవచ్చు కదా పెద్దమ్మా అంటే కిటికీ చువ్వల వెనక నుంచి చూసింది. "దాన్నొక్కదాన్నే బందు పెడ్తె అది జైలు బిడ్డా. ఇద్దరముంటె ఇల్లు," అంది. పిల్లలు ఎగిరిపోయిన రోజు నేనే కిందికి పరుగెత్తి చెప్పాను. ఆమె తలుపు తీసి అరుగు మీద కూర్చుని చాలాసేపు గాలి పీల్చుకుంది. పిల్లి తిన్నగా ఖాళీ గూడు చూడటానికి వెళ్లింది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా దగ్గర అందరూ సాయంత్రం ఊరి బయటికి వెళతారు. ఒక ఏడాది ఆమెను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. కొత్త చీర, చేతిలో జమ్మి ఆకు కోసం చిన్న సంచి. దారిలో ఒకచోట జనం గుమిగూడారు. ఒకాయన పంజరంలో పాలపిట్టను పెట్టుకుని కూర్చున్నాడు, జనం ఒక్కొక్కరే వంగి చూసి దండం పెట్టి వెళుతున్నారు. నాకు కోపం వచ్చింది. పెద్దమ్మ మాత్రం స్కూటీ మీది నుంచి దిగకుండానే చేత్తో కళ్లు మూసుకుంది. "నడువు బిడ్డా, నడువు. దాన్ని జూస్తె నాకేం మంచి జరుగుతది? దానికే జరుగకపాయె," అంది. ఆ మాట చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేంత గట్టిగానే అంది. నేను స్కూటీకి స్టాండు వేసి దిగి, ఆ పంజరం మనిషితో పోట్లాడి, ఫారెస్టువాళ్లకు ఫోన్ చేస్తానని బెదిరించి, తలుపు తీయించాను. ఆ పిట్ట బయటికి వచ్చి ముందు నేల మీద కూర్చుంది, తర్వాత తడబడుతూ చేలవైపు ఎగిరింది. నేను సంబరంగా వెనక్కి తిరిగి చూస్తే పెద్దమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. "పోయిందా?" అని అడిగింది. పోయిందన్నాను. "అయితె సాలు," అంది. ఆ ఏడాది ఆమె పాలపిట్టను చూడనే లేదు. ఇంటికి వచ్చి, గడప మీద ఉన్న డాక్టరమ్మకు దండం పెట్టి, "ఇగ నువ్వే దిక్కు," అని లోపలికి పోయింది.

నా రాతలు ఆమె చదివేది. ఆదివారం పేపరు నాకంటే ముందు ఆమె చేతికే వెళ్లేది. చదివి మెచ్చుకునేది కాదు. "మంచిగనే రాసినవ్ గని, నీ పిట్టలు కడుపు నిండినట్టున్నయ్. నేను జూసేటియన్నీ ఆకలి మీదనే ఉంటయ్," అంది ఒకసారి. నేను ఒప్పుకోలేదు. అందం చూడటం కూడా ఒక చూపే కదా అని వాదించాను. "ఉండని, ఉండని," అని మణికట్టు వదిలేసింది. ఇప్పటికీ నేను ఒప్పుకోను. కానీ వాదించడానికి కింద మనిషి లేదు.

ఆ రోజు నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో టెంటు వేస్తున్నారు. పెద్దమ్మను ముందు గదిలో పడుకోబెట్టారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేను దండం పెట్టి, పక్కన కూర్చుని, ఆమె చీర అంచు ఎక్కడ మడత పడిందో చూస్తూ ఉన్నాను. ఏడుపు రాలేదు. ఏదో ఒకటి వస్తుందని ఎదురు చూశాను, ఏమీ రాలేదు. లేచి, వచ్చినవాళ్లకు నీళ్లు ఇచ్చాను, కుర్చీలు సర్దాను, ఫ్రీజర్ తెచ్చినవాళ్లకు ప్లగ్ ఎక్కడుందో చూపించాను. "గట్టి మనిషి," అని ఎవరో అన్నారు. గట్టితనం కాదు. నాలో ఎవరో స్విచ్చి ఆపేసినట్టు ఉంది.

డాక్టరమ్మ వచ్చినవాళ్లందరి కాళ్లూ వాసన చూసింది. ఒక్కొక్కరి దగ్గరా ఆగింది, పైకి చూసింది, ఇంకొకరి దగ్గరికి వెళ్లింది. గది మొత్తం తిరిగాక మగ్గం గుంతలోకి దిగి పడుకుంది. పెద్దమ్మను తీసుకెళ్లేటప్పుడు కూడా బయటికి రాలేదు.

మర్నాడు చిన్నమ్మ పాలు పెట్టింది, ముట్టలేదు. పెరుగన్నం పెట్టింది, ముట్టలేదు. ఉడికించిన గుడ్డు చిదిమి నేను పెట్టాను. వాసన చూసి ముఖం తిప్పుకుంది. పాల మీద మీగడ కట్టి చీమలు పట్టాయి. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, తిండి మానేసిన పిల్లి ఎక్కువ రోజులు తట్టుకోలేదు, ఎలాగైనా ఏదో ఒకటి తినిపించండి అన్నాడు. సిరంజితో పాలు పోయబోతే గోళ్లతో చీరి మళ్లీ గుంతలోకి దూరింది. చిన్నమ్మ గుంత అంచున కూర్చుని తల పట్టుకుంది. రాయపోల్ నుంచి కళ్లు చూపించుకుందామని అక్క దగ్గరికి వచ్చిన మనిషి. అక్కనే సాగనంపాల్సి వచ్చింది. "ఇది గూడ పోతె నేను మోయలే బిడ్డా. అక్క నా చేతిల పెట్టి పోయినట్టున్నది దీన్ని," అంది. నాకు పెద్దమ్మ కోసం రాని భయం ఆ పిల్లి కోసం వచ్చింది. దాని వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి. ఈ ఒక్క ప్రాణం నిలిస్తే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను. ఎవరిని అడగననుకున్నానో తెలియదు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురు చూస్తారు. మామూలుగా చెరువు దగ్గరో చేను దగ్గరో పెడతారు. చిన్నమ్మ భర్త, నేను చిన్నాయిన అంటాను, ఇంకో మాట చెప్పాడు. "చెరువు కట్ట మీద పొద్దంత వాకింగ్ చేసేటోళ్లే. కాకులు యాడికెళ్లి వస్తయ్? బిడ్డ డాబా మీదికి రోజు వస్తయ్ గదా. గాడనే పెడ్దాం." అందరూ నావైపు చూశారు. పిట్టల గురించి రాసినందుకు పిట్టలకు నేను జామీను ఉన్నట్టయింది. సరేనన్నాను.

చిన్నమ్మ పొద్దున్నే లేచి వండింది. అన్నం, పప్పు, సర్వపిండి, గారెలు, గ్లాసులో ఛాయ్. అన్నిటికంటే ముఖ్యంగా చేపల వేపుడు. చిన్నాయిన మార్కెట్టుకు వెళ్లి తాజాగా ఉన్నవి ఏరి తెచ్చాడు. "అక్కకు చాపలంటె పానం. ఐతారం ఐతారం తప్పకుంట తెచ్చుకుంటుండె. ఫోన్ల అడిగితె చాపలు కడుగుతున్న అంటుండె," అని చిన్నమ్మ అందరికీ చెబుతూ, మూకుడు ముందు కూర్చుని ముక్కలు తిప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. పెద్దమ్మ చేప తినదు. డ్యూటీలో ఉన్న రోజుల్లో గొంతులో ముల్లు ఇరుక్కుందని, అప్పటి నుంచి నోట్లో పెట్టలేదు. ఆదివారం చేపలు డాక్టరమ్మకు. ఉప్పు లేకుండా ఉడకబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని ముళ్లు ఏరి పెట్టేది. "పిల్లికి చాపలు కొంటున్న అంటె మా చెల్లె నన్ను ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోల్తది. నువ్వు చెప్పకు," అనేది. అందుకని అప్పుడూ చెప్పలేదు. అంత శ్రద్ధగా వేయిస్తున్న మనిషికి ఆ సంగతి ఎలా చెబుతాను?

డాబా కడిగి, పిట్టగోడ పక్కన ఆకు పరిచి అన్నీ వడ్డించారు. అగరొత్తులు వెలిగించి అందరూ వెనక్కి జరిగారు. కాకులు ఆలస్యం చేయలేదు. వాటికి ఆ గోడ అలవాటే. ఒకటి దిగి తల వంకరగా పెట్టి చూసింది, అన్నం మెతుకులు పొడిచింది, గారె ముక్క ముక్కున పట్టుకుని నీళ్ల ట్యాంకు మీదికి ఎగిరింది. "ముట్టింది, ముట్టింది," అన్నారు. చేతులు జోడించారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మకు ఏ కోరికా మిగల్లేదు అనుకుంటూ ఒక్కొక్కరే భోజనాలకు కిందికి దిగారు. నేను, చిన్నమ్మ, చిన్నాయిన మిగిలాం. కాకి ముట్టినా నాకేమీ అనిపించలేదు. కాకి ఆకలి మీద ఉంది, తిన్నది, అంతే.

అప్పుడు డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. గోడ వెంట, పొట్ట నేలకు ఆనించినట్టు, ఆగి ఆగి నడుస్తోంది. ఆకు దగ్గరికి రాగానే చిన్నాయిన మూలనున్న కట్టె అందుకున్నాడు. "అరె, పిట్టకు పెట్టినదాంట్ల పిల్లి మూతి పెడ్తదా! ఛీ, పో!"

"కొట్టకుర్రి చిన్నాయినా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "చిన్నమ్మా, పెద్దమ్మ చాపలు తినకపోతుండె. ఐతారం తెచ్చేటియి దీనికే. నువ్వు నవ్వుతవని నీకు చెప్పలే."

చిన్నమ్మ నన్ను చూసింది, పిల్లిని చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "గిన్నేండ్లు నన్ను చాపలు కడుగుతున్న, కడుగుతున్న అనుకుంట..." అని ఆగిపోయింది. తర్వాత భర్త చేతిలో కట్టె తీసుకుని పక్కన పడేసింది. "తిననియ్యుర్రి. దానిదే అది."

డాక్టరమ్మ ముందు ఆకు చుట్టూ తిరిగింది. అన్నం చూసింది, గారెలు చూసింది, ఛాయ్ గ్లాసులోకి తొంగి చూసింది. చేప దగ్గర ఆగి చాలాసేపు వాసన పీల్చింది. అది ఒక ముక్కను పంజాతో కదిపి, నాకి, కొరికింది. నమిలింది. మింగింది. ఇంకో ముక్క కోసం వంగింది. చిన్నమ్మ అక్కడే నేల మీద చతికిలబడి, మిగతా ముక్కలు చేతిలోకి తీసుకుని, పైన అంటిన కారం కొంగుతో తుడిచి, ముల్లు తీసి ఒక్కొక్కటే దాని ముందు పెట్టడం మొదలుపెట్టింది. కాకులు ట్యాంకు మీది నుంచి తమ వంతు కోసం అరుస్తున్నాయి.

నేను కిందికి పరుగెత్తాను. మెట్లు రెండేసి చొప్పున దిగి, టెంటు కింద తింటున్నవాళ్లను దాటుకుని, చెప్పులతోనే ముందు గదిలోకి వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది, నేల కడిగి ఉంది.

"పెద్దమ్మా, డాక్టరమ్మ తిన్నది," అన్నాను, వంటింట్లోకి వినబడేంత గట్టిగా.

ఆ మాట గోడలకు తగిలి ఆగిపోయింది. వాకిట్లో తింటున్నవాళ్లు తల తిప్పి చూశారు. వంటింటి తలుపు వెనక పెద్దమ్మ పాత కాటన్ చీర మేకుకు వేలాడుతూ ఫ్యాను గాలికి కదిలింది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఏడుపు అప్పుడొచ్చింది.